పుర్రెకో బుద్ధి, గొల్గొతాకో కొండ

గుడ్‌ఫ్రైడే నాడు మా చర్చిలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా నడుస్తుంది. ఈసారి మొదటి మాట చెప్పడానికి బయటి నుంచి వచ్చిన పాస్టరుగారు ఇంకా వాక్యం చదవకముందే యేసుని సిలువ వేసిన చోటు ఇదే అంటూ తెర మీద ఒక ఫొటో వేయించారు. సున్నపురాతి చరియ. అందులో పక్కపక్కన రెండు లోతైన గుంటలు, వాటి కింద ముక్కు దూలంలా ఒక రాయి. "చూశారా, ఇవి కళ్లు, ఇది ముక్కు. అందుకే దీనికి గొల్గొతా అని పేరొచ్చింది. అంటే కపాలం" అన్నారు. ముందు వరసలో ఒక పిల్లాడు కుర్చీ ఎక్కి మరీ చూశాడు.

ఆ ఫొటో ఏటా ఈ వారంలో వాట్సాప్‌లో తిరిగేదే, మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. నా పేచీ ఫొటోతో కాదు, ఆ "అందుకే"తో. ఒక మాటకి అర్థం చెప్పి, ఆ అర్థానికి సరిపోయే కొండను వెతికి, ఆ కొండ వల్లే మాట పుట్టిందని చెప్పడం తలకిందుల లెక్క. పైగా ఆ మాటకి "కపాలం" అన్న ఒక్క అర్థమే ఉందనుకుంటే తప్ప ఈ లెక్క మొదలే కాదు.

నేను బైబిలు పండితురాలిని కాదు. ఆసుపత్రిలో సీటీ రిపోర్టులు టైపు చేస్తాను. అయితే ఈ మాట చర్చిలోనూ ఆఫీసులోనూ రెండు చోట్లా నాకు తగులుతూ ఉంటుంది (ఎలాగో తర్వాత చెబుతాను), అందుకని చాలాకాలంగా దాని వెంట పడి చదువుతున్నాను. చదివినకొద్దీ నాకు అనిపిస్తున్నది ఇది: అరామిక్ (యేసు కాలంలో ఆ ప్రాంతపు జనం భాష) మాట్లాడినవాళ్లకి గొల్గొతా అన్నది మొదట "తల". గుండ్రంగా ఉండేది, లెక్కపెట్టడానికి పనికొచ్చేది. చచ్చినవాడి ఎముక అన్న అర్థం కూడా దానికి ఉంది, కాదనను. కానీ ఆ ఒక్క అర్థమే మిగిలి, మిగతావి రాలిపోయింది మాత్రం ఆ మాట వేరే భాషల్లోకి వెళ్లాకే.

తలకింత

హెబ్రూలో ఈ మాట గుల్గోలెత్. అరామిక్‌లో గుల్గుల్తా. పాత బాబిలోను భాష అక్కాడియన్‌లో గుల్గుల్లు. మూడూ ఒకే ఇంటివి. గ-ల-ల అన్న ధాతువుకి దొర్లడం, చుట్టుకోవడం అన్న భావం. చక్రాన్ని గల్గల్ అంటారు. చుట్టగా చుట్టిన గ్రంథం మెగిల్లా. గలిలయ అన్న పేరు కూడా ఈ కుదురుదే, చుట్టూ ఉన్న ప్రాంతం అన్న అర్థంలో. (గలిలయలో మొదలై గొల్గొతాలో ముగిసింది, ఒకే ధాతువు అని ఎవరైనా ప్రసంగం అల్లేస్తారేమో. దయచేసి వద్దు. మన గలగలకీ గోళానికీ కూడా దీన్ని ముడిపెట్టొద్దు.)

గుల్గోలెత్ పాత నిబంధనలో ఎక్కడెక్కడ వస్తుందో చూస్తే మొదట ఆశ్చర్యం వేస్తుంది. నిర్గమకాండం 16లో ఎడారిలో దొరికిన ఆహారం మన్నా ఏరుకునేటప్పుడు తలకి ఒక ఓమెరు (అదొక కొలత) చొప్పున అంటారే, ఆ "తల" గుల్గోలెత్. సంఖ్యాకాండం మొదటి అధ్యాయంలో మగవాళ్లని తలల వారీగా లెక్కపెట్టమన్నప్పుడూ అదే. నిర్గమకాండం 38లో గుడారం కోసం తలకి ఒక బెకా, అంటే అర షెకెలు వసూలు చేశారు. లెక్కకి వచ్చినవాళ్లు 6,03,550 మంది. అక్కడా గుల్గోలెత్తే. ఆరు లక్షల పుర్రెలు కాదు కదా అవి, అర షెకెలు చేతిలో పట్టుకుని నిలబడ్డ మనుషులు.

యూదులు ఈ గ్రంథాన్ని అరామిక్‌లోకి మార్చుకున్న ఓంకెలోస్ తర్గూములో ఇవే చోట్ల గుల్గుల్తా అని ఉంటుంది. యూదు గురువులైన రబ్బీల చర్చల సంకలనం బాబిలోను తల్ముదులో తలపన్నుకి "కసఫ్ గుల్గల్తా" అని పేరు, తల డబ్బు అని. ఎజ్రా గ్రంథంలోని ఒక పాత పన్ను పేరుకి అర్థం చెబుతూ రబ్బీలు వాడిన మాట అది. ఎవరికీ తెలియని పాత పేరుని వివరించడానికి అందరికీ తెలిసిన మాటనే కదా ఎవరైనా వాడేది? అంటే అరామిక్ మాట్లాడే ఇళ్లలో గుల్గల్తా అనగానే ముందు తట్టేది పన్ను వసూలుకి వచ్చినవాడే అయి ఉండొచ్చు.

తెలుగువాళ్లకి ఇది అర్థం కాని సంగతేమీ కాదు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటాం. అక్కడ పుర్రె అంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద రెండు ఎముకలతో గీసే బొమ్మ కాదు. బతికున్న మనిషి, ఒక్కొక్కడు. గుల్గోలెత్ చేసే పని సరిగ్గా అదే. కొత్త ఉద్యోగంలో చేరినవాడిని "ఎన్ని పుర్రెలు మీ ఇంట్లో?" అని అడగం గానీ, సామెతలో మాత్రం ఆ పాత వాడుక అలాగే నిలిచిపోయింది.

తమ్ముడి అభ్యంతరం

మా తమ్ముడు బైబిలు కాలేజీలో చదివాడు. ఇదంతా చెబితే వాడు ఊరుకుంటాడా. "అక్కా, నీకు కావలసిన వచనాలే ఏరుకున్నావు. యెజెబెలు సంగతేంటి?" అన్నాడు. రెండో రాజులు 9లో కుక్కలు తినగా మిగిలినవి ఆమె పాదాలు, అరచేతులు, గుల్గోలెత్. అది పుర్రే, సందేహం లేదు. న్యాయాధిపతులు 9లో ఒక స్త్రీ తిరగటిరాయి వేస్తే అబీమెలెకు బద్దలైంది గుల్గోలెత్. అయితే అబీమెలెకు అప్పటికింకా బతికే ఉన్నాడు, ఆడదాని చేతిలో చచ్చాడన్న పేరు రాకుండా నన్ను పొడిచెయ్ అని పక్కవాడిని బతిమాలుకున్నాడు. కాబట్టి ఆ వచనాన్ని నేనూ వాడుకోవచ్చు.

వాడి దగ్గర ఇంకా పెద్ద రాయి ఉంది. యూదుల పాత ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలో హిల్లెల్ అనే గురువు కథ. హిల్లెల్ నీళ్ల మీద తేలుతున్న ఒక గుల్గోలెత్‌ని చూసి, నువ్వు ఇతరులని ముంచావు కాబట్టి నిన్ను ముంచారు, నిన్ను ముంచినవాళ్లూ మునుగుతారు అంటాడు. ఆ పలుకులు అరామిక్‌లోనే ఉన్నాయి. హిల్లెల్ ఉన్నది యేసుకి కొంచెం ముందు, యెరూషలేములో. ఆ కాలం, ఆ ఊరు, చచ్చినవాడి పుర్రె. నా వాదనకి దీన్ని మించిన ఎదురుదెబ్బ లేదు.

దీనికి నా జవాబు పూర్తి జవాబు కాదని ముందే ఒప్పుకుంటాను. ఒకే మాట రెండు పనులూ చేస్తుంది. తెలుగులో బుర్ర చూడండి. "బుర్ర పనిచెయ్యట్లేదు" అన్నప్పుడు మెదడు. "బుర్ర పగిలింది" అన్నప్పుడు ఎముక. "సొరబుర్ర" అన్నప్పుడు గుండ్రటి బోలు కాయ. సందర్భం చూస్తే గానీ ఏదో తేలదు. అయితే ఒక చోటి పేరుకి సందర్భం ఉండదు. యెరూషలేము గోడ అవతల ఒక రాతిమిట్టని జనం గుల్గుల్తా అని పిలిస్తే, ఆ పేరు పెట్టినవాడి మనసులో ఏ బుర్ర ఉందో ఆ మాట ఒక్కటీ చెప్పలేదు. హిల్లెల్ చూసిన పుర్రె వల్ల ఆ మాటకి పుర్రె అన్న అర్థం ఉందని రుజువవుతుంది. ఆ మిట్టకి ఆ పేరు పుర్రె వల్లే వచ్చిందని రుజువవదు.

మనుషులు మిట్టలకీ కొనలకీ తల అని పేరు పెట్టడం ఎక్కడైనా ఉన్నదే. అరబ్బీలో రాస్ అంటే తల, సముద్రంలోకి చొచ్చుకెళ్లిన నేలకొనలన్నీ రాస్‌లే. సిరియాక్ (అదీ ఒక రకం అరామిక్) పండితులు పుట్టిన రేష్‌అయినా అన్న ఊరి పేరుకి ఊటతల అని అర్థం. మనకి తలకోన ఉంది. తలకోనకి వెళ్లి జలపాతం చూడకుండా, తల ఎక్కడ, కళ్లెక్కడ, ముక్కెక్కడ అని వెతికేవాడిని ఏమంటాం?

పోయిన లకారం

మా ఆసుపత్రిలో కేరళ సిస్టర్ ఒకామె ఉంది. ఈస్టర్ సెలవుల గురించి మాట్లాడుతుంటే "మీవాళ్లు గొల్గొతా అంటారేంటి? మేము గాగుల్తా అంటాం. యేసు మాట్లాడిన భాషలో అదే కరెక్టు" అంది. మలయాళీ క్రైస్తవుల పాటల్లో, ప్రార్థనల్లో నిజంగానే గాగుల్తా అని ఉంటుంది. అది సిరియాక్ నుంచి నేరుగా వచ్చిన రూపం. మనది గ్రీకు రూపం. పక్కపక్క రాష్ట్రాల్లో ఒకే కొండకి రెండు పేర్లు, రెండు దారుల్లో వచ్చినవి.

నిజానికి రెండూ తరుగుపోయిన రూపాలే. గుల్గుల్తాలో రెండు లకారాలు. గ్రీకు అక్షరాల్లోకి ఎక్కేసరికి రెండోది పోయి గొల్గొథా అయింది. సిరియాక్‌లో మొదటిది పోయి గాగుల్తా అయింది. ఒకే అక్షరం ఒకే మాటలో రెండుసార్లు వస్తే నాలుక ఒకదాన్ని ఎగ్గొడుతుంది, ఏది ఎగ్గొట్టాలన్నది ఆ ఊరి నాలుక ఇష్టం. రెండు లకారాలూ పలికినవాళ్లు తర్గూములు రాసిన యూదులు. గాగుల్తాలో ఉన్న దీర్ఘాలు కూడా ఒక సంగతి చెబుతాయి. పశ్చిమ సిరియాక్ ఉచ్చారణలో ఆకారం ఓకారమై అదే మాట గోగుల్తో అవుతుంది. మలయాళంలో ఆకారాలే నిలిచాయి కాబట్టి అది కేరళకి చేరింది తూర్పు సిరియాక్ సంప్రదాయం ద్వారా.

"యేసు భాష" అన్న సిస్టర్ మాట మాత్రం నేను ఒప్పుకోలేదు. సిరియాక్ ఎడెస్సా ఊరి అరామిక్. ఎడెస్సా అంటే ఇప్పటి టర్కీలోని ఉర్ఫా, యెరూషలేముకి చాలా ఉత్తరాన. యేసు మాట్లాడింది గలిలయ అరామిక్, పడమటి శాఖ. అంత దూరం కూడా అక్కర్లేదు. గలిలయకీ యెరూషలేముకీ మధ్యే యాస తేడా ఉండేది. ప్రధానయాజకుడి ఇంటి ముంగిట చలి కాచుకుంటున్న గలిలయవాడు, యేసు శిష్యుడు పేతురుని, నీ మాటే నిన్ను పట్టిస్తోంది అన్నారు కదా. ఆ మిట్టని యెరూషలేమువాళ్లు ఒకలా, పేతురు ఇంకోలా పలికి ఉంటారు. ఏది అసలు అని అడగడంలో అర్థం లేదు. యోహాను ఆ పేరు "హెబ్రీ భాషలో" గొల్గొతా అంటాడు గానీ, చివర్లో ఉన్న తా అరామిక్‌ది. ఊరివాళ్లు మాట్లాడే భాషకి ఆయన పెట్టుకున్న పేరు హెబ్రీ, అంతే.

సిరియాక్ బైబిలు పెషిత్తాలో ఇంకో చిత్రం ఉంది. మత్తయి 27:33 దగ్గర, వాళ్లు గాగుల్తా అనే చోటికి వచ్చారు, దాని అర్థం కర్కఫ్తా అని రాస్తుంది. అరామిక్ మాటని అరామిక్‌లోకే అనువదించడం! సిరియాక్‌లో పుర్రెకి మామూలు మాట కర్కఫ్తా. గ్రీకులో "అంటే" అని ఉంది కాబట్టి అనువాదకుడు విధిగా అర్థం రాశాడా, లేక అప్పటికే గాగుల్తా ఎడెస్సావాళ్లకి ఒక చోటి పేరుగా తప్ప తెలియదా? నాకు రెండోదే ఎక్కువ నమ్మకం. లేకపోతే చదివేవాడు నవ్వడూ?

దీనికి నా దగ్గరున్న ఒకే ఒక సాక్షి నిధుల గుహ అన్న సిరియాక్ గ్రంథం. సుమారు 6వ శతాబ్దానిది. ఆదాము శవాన్ని నోవహు ఓడలో తీసుకెళ్లారని, తర్వాత షేము, మెల్కీసెదెకు దాన్ని తెచ్చి గొల్గొతాలో పాతిపెట్టారని చెప్పే పుస్తకం. అందులో ఆ చోటుకి ఎన్ని పేర్లున్నాయో చెబుతూ, మనుషులందరి తల అక్కడ ఉంచారు కాబట్టి కర్కఫ్తా, గుండ్రంగా ఉంది కాబట్టి గాగుల్తా అంటాడు. కథ సంగతి వదిలేయండి, చరిత్రగా దానికి విలువ లేదు. కానీ ఒక సిరియాక్ రచయిత చెవికి గాగుల్తా అంటే గుండ్రనిది అని వినిపించింది. పుర్రె అన్న అర్థానికి ఆయన పక్కనున్న వేరే మాట దగ్గరికి వెళ్లాడు.

సీటీ రిపోర్టులో

ఇక నా ఆఫీసు. తల సీటీ రిపోర్టులో డాక్టరుగారు చెబుతూ పోతారు, నేను టైపు చేస్తూ పోతాను. చివర్లో దాదాపు ప్రతిసారీ ఒక వాక్యం ఉంటుంది: బోనీ కాల్వేరియం నార్మల్. బైకు మీద నుంచి పడ్డవాడికి ఆ వాక్యం దొరికితే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కపాలపు పైడిప్పకి అది వైద్యుల పేరు. అసలు లాటిన్ మాట కల్వారియా. కాల్వేరియం అన్నది తర్వాతివాళ్లు తప్పుగా చేసుకున్న రూపం, 1998 నాటి అంతర్జాతీయ శరీరశాస్త్ర పదకోశంలో కల్వారియా అనే ఉంది. నేను దిద్దితే డాక్టరుగారు తిరిగి కాల్వేరియం అని రాయించారు. సరే, నాదేం పోయింది.

గొల్గొతాకి మనం వాడే ఇంకో పేరు కల్వరి ఇదే. 4వ శతాబ్దం చివర్లో జెరోము సువార్తల లాటిన్ అనువాదాన్ని సవరించినప్పుడు కపాలానికి కల్వారియా అనే మాటే నిలిచింది. కల్వుస్ అంటే బట్టతలవాడు, ఆ కుదురు మాట. ఒకటో శతాబ్దపు రోము వైద్య రచయిత సెల్సుస్ ఎముకల గురించి చెబుతూ మొదలుపెట్టింది కల్వారియాతోనే. అంటే లాటిన్‌లో అది శస్త్రవైద్యుడి బల్ల మీది మాట. తలకింత అని పన్ను వసూలు చేసేవాడి నోట్లో రాదు. అరామిక్ మాటకున్న రెండు చేతుల్లో ఒకటి అక్కడ తెగిపోయింది.

నిజానికి ఈ కోత గ్రీకులోనే మొదలైంది. హెబ్రూ గ్రంథాన్ని గ్రీకులోకి తెచ్చినవాళ్లు గుల్గోలెత్‌ని రెండుగా చీల్చారు. మన్నా దగ్గర, జనాభా లెక్క దగ్గర కెఫలె, అంటే తల. అబీమెలెకు, యెజెబెలు దగ్గర క్రానియోన్, అంటే పుర్రె. ఆ అలవాటు ఉన్న భాషలో గొల్గొతాకి అర్థం చెప్పాల్సిన సువార్తికులు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. క్రానియోన్ ఎంచుకున్నారు. వాళ్లు ఆ కాలానికి దగ్గరివాళ్లు, వాళ్లకి తెలియదా అని అడగొచ్చు. తెలిసే ఉంటుంది. అయితే క్రానియోన్ కూడా చచ్చిన ఎముకకే పరిమితం కాదు. గ్రీకు కావ్యం ఇలియడ్ 8వ సర్గలో నెస్టరు గుర్రానికి బాణం తగిలిన చోటు, నుదుటి జూలు మొలిచే చోటు క్రానియోన్. గుర్రం అప్పటికి యుద్ధంలో రథం లాగుతోంది.

ఇక కల్వరి కొండ. తెలుగు క్రైస్తవ పాటల్లో కల్వరి గిరి లేని శ్రమల పాట వెతకాలి. నాలుగు సువార్తల్లోనూ సిలువ వేసిన చోటుకి కొండ అన్న మాట లేదు, ఒక చోటు అంతే. 333లో బోర్డో నుంచి వచ్చిన ఒక యాత్రికుడు తన దారి లెక్కల్లో గొల్గొతాని లాటిన్‌లో చిన్న గుట్ట అని రాసుకున్నాడు. రోము చక్రవర్తి కాన్‌స్టంటైన్ అక్కడ కట్టించిన గుడిని 335లో ప్రతిష్ఠించారు. ఆ గుడి లోపల ఇప్పటికీ చూపించే రాయి ఎత్తు ఐదు మీటర్ల లోపే. పూర్వం అదంతా రాతి క్వారీ. మంచి రాయి కొట్టుకుపోయాక మిగిలిపోయిన మిట్ట అది. చుట్టూ తవ్వేసిన నేలలో ఒక్కటే పైకి లేచి ఉన్న గుండ్రటి రాయిని మన ఊళ్లో ఎవరైనా ఏమని పిలుస్తారు?

చెవికి ఇంపైన కథలు

ఆదాము తల అక్కడ పాతారన్న కథ చాలా పాతది. 3వ శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఓరిగెన్‌కే తెలుసు. సిలువ పటాల్లో అడుగున చిన్న పుర్రె వేస్తారు చూడండి, అది ఆదాముదే. 398లో మత్తయి సువార్తకి వ్యాఖ్యానం రాస్తూ జెరోము ఈ కథని ప్రస్తావించి, వినడానికి బాగుంటుంది, జనం చెవికి హాయిగా ఉంటుంది, కానీ నిజం కాదు అని తీసిపారేశాడు. ఏడు మాటల ధ్యానం నిర్వహించే ప్రతి కమిటీ ఈ వాక్యాన్ని ఫ్రేము కట్టించి పెట్టుకోవాలని నా కోరిక.

అయితే జెరోము చెప్పిన సొంత కారణం మాత్రం నాకు నచ్చలేదు. తలలు నరికే చోటు కాబట్టి పుర్రెల చోటు అయిందట. పేరు ఏకవచనంలో ఉంది, పుర్రెలు కాదు, పుర్రె. యూదులు చచ్చినవాళ్ల ఎముకల్ని అలా బయట వదిలెయ్యరు. పైగా అక్కడే తోట ఉందని, తోటలో ఎవరినీ పెట్టని కొత్త సమాధి ఉందని యోహాను అంటాడు. పుర్రెలు దొర్లే చోట ధనవంతుడైన అరిమతయియ యోసేపు సమాధి తొలిపించుకుంటాడా?

ఫొటోలోని చరియ సంగతి ఇంకా కొత్తది. దమస్కు ద్వారానికి ఉత్తరాన ఉన్న ఆ గుట్టే గొల్గొతా అని 1842లో డ్రెస్డెన్‌కి చెందిన ఓటో థెనియస్ అన్నాడు. 1883లో బ్రిటిష్ జనరల్ గోర్డన్ యెరూషలేము వచ్చి, ఆ గుట్టలో పుర్రె ఆకారం చూసి, దానికి పేరు తెచ్చాడు. ఆయన ఒక్క పోలికతో ఆగలేదు. యెరూషలేము పటం మీద ఒక మనిషి పడుకున్నట్టు ఊహించుకుని, తల వచ్చే చోటు ఈ గుట్ట అని లెక్క తేల్చాడు. యుద్ధాలు చేసిన మనిషి, పటాలు చదవడం వచ్చినవాడు, ఈ తీరున పటం చదివాడు! ఆ చరియ క్వారీవాళ్లు రాయి కొట్టిన గోడ. పక్కన యేసుదని చూపించే తోట సమాధిని పురావస్తు శాస్త్రవేత్త గాబ్రియేల్ బర్కాయ్ పరిశీలించి క్రీస్తుపూర్వం 8-7 శతాబ్దాలది అన్నాడు. అది కొత్త సమాధి ఎలా అవుతుంది? ఇప్పుడు చరియ కింద బస్టాండు ఉంది.

అక్కడికి వెళ్లినవాళ్లు ప్రశాంతంగా ఉందని, ప్రార్థించుకున్నామని చెబుతారు. దానికి నాకేం అభ్యంతరం లేదు. ప్రార్థనకి పురావస్తు శాఖ అనుమతి అక్కర్లేదు. మాటకి చరిత్ర చెప్పేటప్పుడే ఆ అనుమతి కావాలి.

తెలుగులో ఇంకో పొర ఉంది. మన బైబిలు కపాలం అన్న మాట వాడింది. కపాలం అనగానే మనకి కపాలి గుర్తొస్తాడు, శ్మశానం, బిచ్చమెత్తే చిప్ప, కాపాలికులు గుర్తొస్తారు. హెబ్రూ మాటకి ఆ బరువు లేదు, అరామిక్‌కి అసలే లేదు. అనువాదకులని తప్పుపట్టను. "తల అనబడిన స్థలం" అని రాసుంటే ఏ తల అని అందరూ అడిగేవాళ్లే. కానీ ఆ మాట వల్ల మనం ఆ చోటిని ఇంకా నల్లగా ఊహించుకున్నామన్నది నిజం. అక్కడ జరిగిన దాన్ని భయంకరం చెయ్యడానికి రాతి పేరు సాయం అవసరమా?

తమ్ముడి చివరి అస్త్రం వ్యాకరణం. "మత్తయి, మార్కు, యోహాను ముగ్గురూ కపాల స్థలం అన్నారు. కపాలపు స్థలం. అంటే అక్కడ కపాలం ఉన్నట్టే." లూకా 23:33 తెరిచి చూపించాను. లూకా గొల్గొతా అన్న మాటే ఎత్తడు. చోటు పేరు నేరుగా "కపాలం" అంటాడు, కపాలపు అనడు. తెలుగు బైబిల్లోనూ కపాలమనబడిన స్థలము అనే ఉంది. అలాంటప్పుడు మిగతా ముగ్గురిలోని షష్ఠిని కూడా "కపాలమనే స్థలం" అని చదవొచ్చు, గ్రీకులో ఆ వాడుక ఉంది. "ముగ్గురి మీద ఒక్కడి మాట నెగ్గిస్తావా?" అన్నాడు. ఓట్లు లెక్కపెడితే నేను ఓడిపోతాను, ఒప్పుకున్నాను. "కానీ ఓట్లు కూడా తలల లెక్కే కదరా" అంటే వాడికి నవ్వు రాలేదు. హిల్లెల్ దగ్గరికి మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు.